కెరీర్ మోడ్‌లో ఆటగాళ్లని కొనడానికి మనకి మనమే పెట్టుకునే రూల్స్ – మీరేం పాటిస్తున్నారు?

#1 మెట్లదారి మేనేజర్

అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాలి. ఎఫ్‌సీ 24 ఫుట్‌బాల్ గేమ్‌లో అక్రింగ్టన్ స్టాన్లీ అనే చిన్న ఇంగ్లండ్ క్లబ్‌ని పట్టుకుని లీగ్ టూ (అక్కడి నాలుగో డివిజన్) నుంచి మేనేజర్‌గా కెరీర్ మొదలుపెట్టాను. ఏటా ఒక డివిజన్ ఎక్కి నాలుగో సీజన్‌కి ప్రీమియర్ లీగ్, ఐదో సీజన్‌కి ఛాంపియన్స్ లీగ్. చెప్పుకోవడానికి బాగుంది గానీ, రెండు వారాలుగా పీఎస్4 ఆన్ చేయడం, మెనూ చూడడం, ఆఫ్ చేయడం, ఇదే పని.

ఎలా ఎక్కానో నాకు తెలుసు కాబట్టే ఈ బాధ. జులై రాగానే ఆటగాళ్లని వెతికే స్కౌట్లని వదిలి, పొటెన్షియల్ ఎక్కువున్న 17 ఏళ్ల పిల్లల్ని అర్జెంటీనా నుంచో బ్రెజిల్ నుంచో తెచ్చి, ఏడాది ఆడించి నాలుగైదు రెట్లకి అమ్మి, ఆ డబ్బుతో మళ్లీ పది మందిని తేవడం. నిజంగా ఆ క్లబ్ స్టేడియంలో పట్టేది ఐదున్నర వేల మంది. మన కొండకి ఒక్కరోజు దర్శనానికి వచ్చే జనంలో పదో వంతు కూడా కాదు. అలాంటి ఊరికి ప్రపంచంలోని చిచ్చరపిడుగులంతా క్యూ కట్టారంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు.

మా నాన్న కొండకి జీపు తోలతాడు. మొన్న తెల్లవారుజామున డ్యూటీకి లేచి, టీవీ వైపు చూసి, "ఏం రా, మళ్లీ నువ్వే గెలిచినావా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట కుచ్చుకుంది.

అదే క్లబ్‌తో మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతా. కష్టం పెంచమని చెప్పకండి, లెజెండరీలోనే ఆడుతున్నా. నాకు కావాల్సింది నమ్మేట్టుగా ఉండే రూల్స్.

#2 కొర్లగుంట కీపర్

పేరేమో మెట్లదారి, ఎక్కిందేమో వీఐపీ బ్రేక్‌లో. 3550 మెట్లలో ఒక్కటైనా తొక్కినావా సామీ?

#3 పుత్తూరు కట్టు

ముందు సెట్టింగుల్లో ఉన్నవి వాడుకో తమ్ముడూ, తర్వాత సొంత రూల్స్ సంగతి చూద్దాం. కెరీర్ మొదలుపెట్టేటప్పుడే మొదటి ట్రాన్స్‌ఫర్ విండోని (ఆటగాళ్లని కొనే, అమ్మే గడువు) ఆపేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆపెయ్. కొత్త మేనేజర్‌గా వచ్చినవాడు ఉన్న జట్టుతో జనవరి దాకా ఈదాల్సిందే, అప్పుడే ఎవరు పనికొస్తారో, ఎవరు రారో తెలుస్తుంది. బేరాలని స్ట్రిక్ట్‌లో పెట్టు. క్లబ్‌కి ఊరికే డబ్బు కుమ్మరించే ఫైనాన్షియల్ టేకోవర్ జోలికి పోవద్దు.

ఇక అన్నిటికంటే పెద్ద రూల్, దీనికి మినహాయింపు లేదు: సేవ్ చేసి, బేరం కుదరకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ లోడ్ చేయడం బంద్. బేరం చెడిందా, చెడింది. డిఫెండర్ మోకాలు పోయిందా, పోయింది. మా ఊళ్లో ఎముక విరిగి కట్టు కట్టించుకున్నవాడు వారాల తరబడి కదలకుండా పడుకుంటాడు, రీలోడ్ కొట్టి లేచి పరిగెత్తడు కదా. గాయం తగిలిన ప్రతిసారీ బజారుకి పరిగెత్తి ఇంకొకడిని కొనే అలవాటు కూడా మానెయ్. విండో మూసి ఉంటే మూసినట్టే, ఉన్న పిల్లల్లో ఒకడిని దింపు. నా సేవ్‌లో ఒక రైట్ బ్యాక్ నలుగురు గాయపడ్డాకే వెలుగులోకి వచ్చాడు, ఇప్పుడు వాడే కెప్టెన్.

#4 హాస్టల్ బెంచ్

ఇంత తంటా ఎందుకు బ్రో? డబ్బు పెట్టి కొన్న గేమ్. నేను టేకోవర్ పెట్టుకుని ఎంబాపేని తెచ్చి హాయిగా ఆడుకుంటున్నా. ఆటకి కూడా రికార్డులు రాసుకోవాలా?

#5 కొర్లగుంట కీపర్

నీకు హాయిగా ఉంటే నీ దారిన నువ్వు ఆడుకో మామా, ఎవరొద్దన్నారు. ఇక్కడ అడిగినవాడికి హాయిగా లేదు, అందుకే అడుగుతున్నాడు.

#6 రేణిగుంట జంక్షన్

నేను ఎక్కువగా ఫుట్‌బాల్ మేనేజర్ అనే ఇంకో గేమ్ ఆడతా. అందులో వర్క్ పర్మిట్ చిక్కులన్నీ గేమే చూసుకుంటుంది. ఎఫ్‌సీలో అవేవీ లేవు కాబట్టి చేత్తో పెట్టుకోవాలి. బయట నిజంగా ఉన్నవి చెబుతా, ఏది కావాలంటే అది తీసుకో.

బ్రెగ్జిట్ తర్వాత, అంటే 2021 జనవరి నుంచి, ఇంగ్లండ్ క్లబ్‌లు 18 నిండని విదేశీ ఆటగాడిని తీసుకోవడానికి వీల్లేదు. నీ 17 ఏళ్ల అర్జెంటీనా ఫ్యాక్టరీ అక్కడే మూతబడింది. 18 దాటినవాడికైనా పాయింట్ల లెక్క ఉంది. దేశం తరఫున ఆడాడా, ఏ లీగ్‌లో ఎన్ని నిమిషాలు ఆడాడు, ఇలాంటివన్నీ కలిపి 15 పాయింట్లు వస్తేనే అనుమతి. 2023 నుంచి పాయింట్లు చాలని ఆటగాళ్ల కోసం కొన్ని ప్రత్యేక స్లాట్లు ఇచ్చారు, పై రెండు డివిజన్ల క్లబ్‌లకి నాలుగు దాకా, లీగ్ వన్, లీగ్ టూ క్లబ్‌లకి రెండు దాకా. గేమ్‌లో పాయింట్లు లెక్కేస్తూ కూర్చోలేవు కాబట్టి సులువుగా ఇలా పెట్టుకో: తన దేశం తరఫున ఆడేవాడో, యూరప్‌లో పెద్ద లీగ్‌లో రెగ్యులర్‌గా ఆడేవాడో అయితే సరే, కాకపోతే ఆ రెండు స్లాట్లలో ఒకటి ఖర్చు.

ఇంకో క్లబ్ నుంచి అప్పుగా తెచ్చుకునే లోన్లకి కూడా హద్దు పెట్టు. లీగ్ టూలో మ్యాచ్ రోజు జట్టులో లోన్ మీద వచ్చినవాళ్లు ఐదుగురికి మించకూడదు. ప్రీమియర్ లీగ్‌కి ఎక్కితే 25 మంది జట్టులో హోం గ్రోన్ (కుర్రతనంలో అక్కడి క్లబ్‌ల్లోనే పెరిగినవాళ్లు) కానివాళ్లు 17 మందికి మించకూడదు. 21 లోపు పిల్లలు ఆ లెక్కలోకి రారు.

ఇవన్నీ ఒక ఎత్తు, నేను పెట్టుకున్న ఒక చిన్న రూల్ ఒక ఎత్తు. బిడ్ వేసే ముందు నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాస్తా: ఈ మనిషి మా క్లబ్‌కి ఎందుకు వస్తాడు? పెద్ద క్లబ్ వదిలేసింది, కాంట్రాక్ట్ అయిపోయింది, ఏడాదిగా బెంచ్ మీదే ఉన్నాడు, 33 ఏళ్లొచ్చాయి ఇంకో రెండేళ్లు ఆడాలనుంది, ఇలా ఏదో ఒకటి. ఆ వాక్యం రాయలేకపోతే బిడ్ లేదు. మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి పట్టుకుంటే చాలు.

#7 మెట్లదారి మేనేజర్

జంక్షనన్నా, ఆ చివరిది అదిరింది. నిన్న కూర్చుని అందరివీ కలిపి లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తే 14 రూల్స్ అయ్యాయి. వయసు, దేశం, జీతం, ఒక విండోకి ఎంతమంది, లోన్లు, గోల్‌కీపర్లకి వేరే రూల్... ఫొటో తీసి పెడదామంటే చేతిరాత చూసి నవ్వుతారు.

#8 పద్మావతిపురం పది

14 రూల్స్ రెండు విండోలు కూడా నిలవవు తమ్ముడూ. గుర్తు లేని రూల్ ఉన్నా లేనట్టే. నేను ఆడిటర్ ఆఫీసులో పని చేస్తా, పొద్దున్నించి సాయంత్రం దాకా చేసేది లెక్కలు చూడడమే, ఇంట్లోనూ ఎందుకో ఇదే చేస్తున్నా.

డబ్బుకి సంబంధించి రెండే పెట్టుకో. మొదటిది జీతం. లీగ్ టూలో ఆదాయంలో ఇంత భాగమే ఆటగాళ్ల జీతాలకి అని నిజంగానే కట్టడి ఉంది. అది గేమ్‌లో కనపడదు. నీ జట్టులో ఇప్పుడు అందరికంటే ఎక్కువ జీతం తీసుకునేవాడు ఎవరో చూడు, కొత్తగా వచ్చేవాడికి అంతకంటే పావు వంతు మించి ఇవ్వను అని రాసుకో. పది మందిలో ఒకడికి మూడింతల జీతం ఇస్తే డ్రెస్సింగ్ రూమ్ ఏమవుతుందో ఏ ఆఫీసులో పని చేసినవాళ్లని అడిగినా చెబుతారు.

రెండోది అమ్మిన డబ్బు. గేమ్‌లో ఆటగాడిని అమ్మగానే బడ్జెట్ ఉబ్బిపోతుంది, అక్కడే అందరి కెరీర్లూ పాడయ్యేది. అమ్మిన దాంట్లో సగమే వాడు, మిగతా సగం లేదనుకో. నిజం క్లబ్‌కి అప్పులుంటాయి, పైకప్పు కారుతుంటుంది, గడ్డి మార్చాలి.

పెద్ద క్లబ్‌ల లెక్క వేరే. ఒకడిని 50 మిలియన్లకి ఐదేళ్ల కాంట్రాక్ట్ మీద కొంటే పుస్తకాల్లో ఏడాదికి 10 చొప్పునే ఖర్చు పడుతుంది. ఎనిమిదేళ్ల కాంట్రాక్టులిచ్చి ఇంకా పల్చగా పరిచే ఎత్తు ఒకటి చెల్సీ వేసింది. దాంతో 2023లో ముందు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఏఫా, తర్వాత ప్రీమియర్ లీగ్, ఎంత పొడుగు కాంట్రాక్ట్ ఇచ్చినా ఖర్చు ఐదేళ్లలోనే చూపాలి అన్నాయి. అకాడమీలో పెరిగిన కుర్రాడిని అమ్మితే మాత్రం వచ్చిందంతా లాభమే, ఎందుకంటే కొన్న ఖర్చంటూ లేదు. సొంత పిల్లల్ని క్లబ్‌లు ఎందుకంత తేలిగ్గా అమ్ముకుంటున్నాయో ఇప్పుడు అర్థమైందా?

#9 హాస్టల్ బెంచ్

అక్కా ఇది చదివాక నాకు గేమ్ మానేసి సీఏ చదవాలనిపిస్తోంది.

#10 చిత్తూరు తోతాపురి

అందరూ కొనడం గురించే మాట్లాడతా ఉండారు. చిన్న క్లబ్ బతికేది అమ్మి కదప్పా! నాకు మామిడి తోట ఉండాది. తోతాపురికి రేటు నేను చెప్పేది కాదు, గుజ్జు ఫ్యాక్టరీవాడు చెప్పేది. కాయ పక్వానికి వచ్చినాక చెట్టు మీద పెట్టుకుని కూర్చుంటే రాలిపోతుంది. అక్రింగ్టన్ కూడా అంతే, రేటు చెప్పే చోట వాడు లేడు.

నా రూల్ చెబుతా. పై డివిజన్ క్లబ్ నా ఆటగాడి విలువకి ఒకటిన్నర రెట్లు ఇస్తానంటే, ఆ కుర్రాడు ఎవరైనా సరే, అమ్మాల్సిందే. బతిమాలడం, జీతం పెంచి ఆపడం, ఇవేవీ లేవు. ఏడాదికి ఒక్కడిని మాత్రం, ఒకే ఒక్కడిని, "వీడు అమ్మకానికి లేడు" అని ముందే రాసి పెట్టుకుంటా.

ఇంగ్లండ్ క్లబ్ బ్రెంట్‌ఫోర్డ్‌ని చూడండి. 2017లో ఎక్సెటర్ క్లబ్ నుంచి వాట్కిన్స్ అనే ఆటగాడిని తెచ్చుకున్నారు, మూడేళ్లు ఆడించి 2020లో ఆస్టన్ విల్లాకి అమ్మినారు. అదే ఎండాకాలం పీటర్‌బరో నుంచి టోనీని తెచ్చుకున్నారు, మరుసటేడు ప్రీమియర్ లీగ్‌కి ఎక్కినారు. మంచోడిని అమ్మి కూడా ఎక్కొచ్చు. ఒక చెట్టు కాపు అయిపోయే లోపల ఇంకో అంటు నాటి ఉండాల, అంతే.

కైసెడో అనే ఆటగాడి సంగతి కూడా అదే. బ్రైటన్ వాళ్లు 2021లో ఈక్వెడార్ నుంచి కొన్నారు, తెచ్చిన వెంటనే ఆడించలేదు, బెల్జియంకి లోన్ మీద పంపినారు, ప్రీమియర్ లీగ్‌లో తొలి మ్యాచ్ 2022 ఏప్రిల్‌లో. తర్వాత 2023లో చెల్సీకి వంద మిలియన్ పౌండ్ల పైమాటే. కాబట్టి ఇంకో రూల్: విదేశం నుంచి తెచ్చిన కుర్రోడిని మొదటి ఆరు నెలలు మొదటి పదకొండు మందిలో దించొద్దు. కొత్త నేలలో మొక్క వేరు పట్టేదానికి టైం పడుతుంది.

#11 లీలామహల్ లెఫ్ట్ వింగ్

నాదొక పిచ్చి రూల్, నవ్వకండి. దీన్ని డిప్ అంటా. ఏ పొజిషన్‌కి మనిషి కావాలన్నా నలుగురి పేర్లు చీటీల మీద రాసి ఒక స్టీల్ డబ్బాలో వేస్తా, మా చెల్లెలు ఒకటి తీస్తుంది. ఎవరి పేరు వస్తే ముందు వాడికే బిడ్. కుదరకపోతే ఇంకో చీటీ. రెండోదీ కుదరకపోతే ఆ విండోకి ఆ పొజిషన్ కథ ముగిసింది. ఆర్జిత సేవకి లక్కీ డిప్ వేసినట్టే, పేరు రాకపోతే ఎవరి మీద కోప్పడతాం?

ఎందుకంటే నిజం మేనేజర్‌కి తాను మొదట అడిగినవాడు ఎప్పుడూ దొరకడు. రెండో పేరో మూడో పేరో దొరుకుతుంది, వాడితోనే నెట్టుకురావాలి. డిప్ మొదలుపెట్టాక నా జట్టు నేను ఎన్నడూ వినని పేర్లతో నిండిపోయింది, గేమ్‌లో ఇంతమంది ఉన్నారా అనిపించింది. కానీ ఒకసారి చెల్లెలు వరసగా మూడు విండోలు 34 ఏళ్ల ముసలాళ్లనే తీసింది, అది వేరే సంగతి.

#12 కొర్లగుంట కీపర్

చెల్లెమ్మని ఛీఫ్ స్కౌట్ చెయ్యి.

#13 రేణిగుంట జంక్షన్

డిప్ బాగుంది. అడగలేదు గానీ, బిల్బావ్ తరహాలో ఆడాలనుకునేవాళ్లకి ఒక మాట. అథ్లెటిక్ బిల్బావ్ వందేళ్లు దాటినా బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లనో, అక్కడ ఆట నేర్చినవాళ్లనో తప్ప తీసుకోదు, అయినా స్పెయిన్ మొదటి డివిజన్ నుంచి ఒక్కసారి కూడా దిగలేదు. వినగానే మనకీ చేయాలనిపిస్తుంది. చిక్కేంటంటే ఎఫ్‌సీలో ఆటగాడి దేశం కనిపిస్తుంది గానీ పుట్టిన ఊరు కనిపించదు. ప్రతి పేరూ ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చోవాలి. నేను ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతం వాళ్లతోనే అని మొదలుపెట్టి ఎనిమిది రోజుల్లో మానేశా.

#14 మెట్లదారి మేనేజర్

రిపోర్ట్ ఇస్తున్నా. తిట్టేముందు మొత్తం చదవండి.

అక్క చెప్పినట్టు 14ని ఆరు చేశా. మొదటి విండో బంద్, రీలోడ్ బంద్, ఒక్క వాక్యం రూల్, జీతం పావు వంతు, అమ్మిన దాంట్లో సగం, తోతాపురి అన్న ఒకటిన్నర రెట్లు. నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన పెట్టా. డిసెంబర్ దాకా స్వర్గం! 11వ స్థానంలో ఉన్నాం, ఒక్కో పాయింట్ కోసం చెమటలు పట్టాయి. 0-0 మ్యాచ్‌కి లేచి చప్పట్లు కొట్టానంటే నమ్మండి.

జనవరి 4న ఫస్ట్ స్ట్రైకర్‌కి కండరం పట్టేసింది, మూడు నెలలు. రెండోవాడు ఏడు మ్యాచ్‌లుగా గోల్ కొట్టలేదు. రాత్రి ఒకటిన్నర. జస్ట్ చూద్దాం అని స్కౌట్ రిపోర్ట్ తెరిచా. బ్రెజిల్ కుర్రాడు, 18 ఏళ్లు, వేగం 88, రిలీజ్ క్లాజ్ (వాడి క్లబ్ కాదనలేని రేటు) సరిగ్గా నా బడ్జెట్‌లో. నోట్‌బుక్ తీసి "ఎందుకు వస్తాడు" అని రాసి ఐదు నిమిషాలు కూర్చున్నా. పెన్ను క్యాప్ కొరికా. చివరికి "ఇంగ్లండ్ చూడాలని ఉంది" అని రాసి కొనేశా.

ఆరు మ్యాచ్‌ల్లో తొమ్మిది గోల్స్ కొట్టాడు. నాలుగో స్థానం. మళ్లీ అదే పాత విసుగు వచ్చేసింది.

#15 కొర్లగుంట కీపర్

"ఇంగ్లండ్ చూడాలని ఉంది". ఈ లెక్కన మా మేనమామ కూడా అక్రింగ్టన్‌కి ఆడాలి.

#16 పుత్తూరు కట్టు

నిన్ను కాణిపాకం తీసుకుపోయి, కోనేట్లో ముంచి, స్వామి ముందు ప్రమాణం చేయించాలి. ఒట్టు వేశాక తప్పితే ఏమవుతుందో చిత్తూరు జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు.

#17 లీలామహల్ లెఫ్ట్ వింగ్

రీలోడ్ కొట్టి వెనక్కి వెళ్లు, సింపుల్.

#18 పుత్తూరు కట్టు

రీలోడ్ వద్దనే కదా మొదటి నుంచీ మొత్తుకుంటున్నా!

#19 పద్మావతిపురం పది

అందరూ నవ్వుతున్నారు గానీ, తప్పు సగం మనది కూడా. రూల్స్ చెప్పాం, తప్పితే ఏంటో చెప్పలేదు. బయట శిక్ష ఉంది కాబట్టే క్లబ్‌లు భయపడతాయి. 2023 నవంబర్‌లో ఎవర్టన్‌కి నష్టాల హద్దు దాటినందుకు 10 పాయింట్లు కోశారు, అప్పీల్‌లో అది 6 అయింది. తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి 4. గేమ్‌లో మనం పాయింట్లు కోసుకోలేం, కానీ విండోని మూసుకోగలం.

2019లో చెల్సీకి ఫిఫా నిషేధం వేసింది దేనికో తెలుసా? విదేశీ మైనర్ల విషయంలో రూల్ తప్పినందుకు. నీ తప్పుకి దగ్గర చుట్టమే. ఆ ఎండాకాలం వాళ్లు కొత్తగా ఎవరినీ రిజిస్టర్ చేయలేకపోయారు. వాళ్ల కోచ్ లాంపార్డ్ దిక్కులేక మౌంట్, అబ్రహామ్, టొమోరి లాంటి అకాడమీ పిల్లల్ని దించాడు, నాలుగో స్థానంలో ముగించారు. కాబట్టి నీకూ అదే. బ్రెజిల్ కుర్రాడిని ఉంచుకో, జంక్షన్ గారి స్లాట్లలో ఒకటి ఖర్చయినట్టు రాసుకో. వచ్చే ఎండాకాలం విండో మాత్రం మొత్తం బంద్. ఏ క్లబ్‌లోనూ లేని ఫ్రీ ఏజెంట్ కూడా లేడు, లోన్ కూడా లేదు.

#20 చిత్తూరు తోతాపురి

కొనడం బంద్. అమ్మడం బంద్ కాదు. అది గుర్తు పెట్టుకో నైనా.

#21 వడమాలపేట వాల్

కొత్తగా వచ్చాను, ఒక డౌట్. జనవరిలో కాంట్రాక్ట్ అయిపోబోతున్నవాళ్లని ప్రీ కాంట్రాక్ట్ మీద ఫ్రీగా తెచ్చుకోవచ్చా? అది మోసమా?

#22 రేణిగుంట జంక్షన్

మోసం కాదు, 1995లో యూరప్ కోర్టు ఇచ్చిన బోస్మన్ తీర్పు తర్వాత కాంట్రాక్ట్ ముగిసినవాడు ఫ్రీగా వెళ్లిపోవచ్చు. కానీ ఇంగ్లండ్ క్లబ్ ఆటగాడితో ఇంకో ఇంగ్లండ్ క్లబ్ జనవరిలోనే సంతకం చేయించుకోలేదు, విదేశీ క్లబ్‌లకే ఆ వీలు. గేమ్ ఆ తేడా చూడదు. కాబట్టి నీ దేశం వాళ్లనైతే సీజన్ అయ్యాకే అడుగు.

#23 మెట్లదారి మేనేజర్

ఆలస్యమైంది, సెమిస్టర్ పరీక్షలు.

ఆరో స్థానంలో ముగించి ప్లే ఆఫ్ సెమీస్‌లో ఓడిపోయాం. ఎండాకాలం నిషేధం పాటించా. నిజంగా పాటించా, స్కౌట్ పేజీ తెరవనే లేదు. ఆగస్టు 20న ఛాంపియన్‌షిప్ క్లబ్ ఒకటి బ్రెజిల్ కుర్రాడికి విలువ మీద ఒకటిన్నర రెట్లు దాటి ఆఫర్ పంపింది. "అమ్మకానికి లేడు" అని నేను ముందే రాసుకున్న పేరు మా గోల్‌కీపర్‌ది. అరగంట కంట్రోలర్ పక్కన పెట్టి కూర్చున్నా. అమ్మేశా.

ఇప్పుడు ముందు వరుసలో అకాడమీ నుంచి వచ్చిన 17 ఏళ్ల పిల్లోడు, ఓవరాల్ రేటింగ్ 56. బంతి కాలికి తగిలితే పక్కకి పోతుంది. నిన్న ఆడిన మ్యాచ్‌లో (గేమ్‌లో అక్టోబర్) 83వ నిమిషంలో వాడి మొదటి గోల్ పడింది, అదీ మోకాలికి తగిలి. నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి సాక్సులు విప్పుకుంటూ చూస్తున్నాడు. "వీడెవర్రా కొత్తోడు? ఆ బ్రెజిలోడు ఏమైనాడు?" అన్నాడు. అమ్మేశానని చెప్పా. "వాణ్నెందుకు అమ్మినావురా తిక్కోడా" అని సంగటి తినేంతసేపూ తిట్టాడు.

#24 చిత్తూరు తోతాపురి

ఎంతకి అమ్మినావు?

#25 మెట్లదారి మేనేజర్

18 లక్షల పౌండ్లు. వాళ్లు మళ్లీ అమ్మితే మాకు వచ్చే సెల్ ఆన్ వాటా 15 శాతం పెట్టించా.

#26 చిత్తూరు తోతాపురి

20 అడగాల్సింది.

#27 పద్మావతిపురం పది

వాడుకోగలిగేది 9 లక్షలు. మర్చిపోకు.